తోలుకోటు కుట్టిన అంగడి

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం కింది పల్లెలో పుట్టి, సైన్యంలో పనిచేసి వచ్చి, ఆత్మకూరు బస్టాండు వెనక సందులో తోలు సామాన్ల అంగడి పెట్టుకుని, దాని పైగదిలోనే కాపురం ఉంటున్న గుండ్లపల్లి పెంచలనరసయ్య అనే నేను, గుండ్లపల్లి వెంగయ్య గారి రెండో కొడుకును, డెబ్బై ఒకటో ఏట నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది.

నా మతి స్థిమితంగా ఉంది. చెడిపోయినవి మూత్రపిండాలు. వాటికీ ఆలోచనకూ సంబంధం లేదని నెల్లూరులో నాకు డయాలిసిస్ చేసే డాక్టరు గారు కాగితం రాసిచ్చారు, దాన్ని దీనికి జతపరిచాను. ఇది రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ బుజ్జగించలేదు. రాయవద్దని మాత్రం ఒకాయన బెదిరించాడు, ఆయన సంగతి ఆరో అంశంలో రాస్తాను.

మొదట దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నమూనా ఒకటి చూపించాడు. అందులో వారసులందరికీ ‘నా యందు ప్రేమాభిమానములతో మెలిగిన’ అని ఒకే మాట వేసి ఉంది. నా అన్న కొడుకు గురించి ఆ మాట రాసి నేను చావలేను. అందుకే స్టాంపు కాగితాలు కొనుక్కుని ఇంటికొచ్చి నేనే రాసుకుంటున్నాను. చేతి వణుకుతో అక్షరాలు వంకరపోయినా, భాషలో తప్పులున్నా చదివేవాళ్ళు సర్దుకోవాలి.

1. ఈ కాగితం ఎందుకంటే

నా భార్య దేవకమ్మ కాలం చేసింది. మాకు పిల్లలు లేరు. నేను ఏమీ రాయకుండా పోతే చట్టప్రకారం నా ఆస్తి మొత్తం నా అన్న మాలకొండయ్యకు చేరుతుందని వకీలు చెప్పాడు. అన్నకు చేరింది ఆయన కొడుకు సురేంద్రబాబు చేతికి పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఈ స్థలంలో సెల్‌ఫోన్ల కాంప్లెక్సు కడతానని సురేంద్రబాబు ఇప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నాడు. అదే జరిగితే, అంగడి తెరిచిన నాటి నుంచి నా పక్కన కూర్చుని కుట్టిన డేవిడ్‌రాజు రోడ్డున పడతాడు. అతను రోడ్డున పడకూడదు. ఈ వీలునామా ఆ ఒక్కదాని కోసమే రాస్తున్నాను. తక్కినవి, ఎటూ కలం పట్టుకున్నాను గనుక రాస్తున్నవి.

2. అంగడి

తూర్పున పెంచలప్రసాద్ టీ అంగడి, పడమట మందుల షాపు గోడ, ఉత్తరాన సందు, దక్షిణాన మురుగు కాలవ, ఈ నడుమ ఉన్న స్థలం, కట్టడం, పైగది, కరెంటు మీటరు, కుట్టుమిషన్లు, పనిముట్లు, తోలు సరుకు, అన్నీ నా తదనంతరం డేవిడ్‌రాజుకు సర్వహక్కులతో చెందాలి. అతను అమ్ముకోవచ్చు, ఉంచుకోవచ్చు, తన బిడ్డకు రాసివ్వవచ్చు. బోర్డు మీద నా పేరు ఉంచుతాడో తుడిపేస్తాడో అతని ఇష్టం. ఇదంతా నా స్వార్జితం. సైన్యం నుంచి విడుదలైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నది. మా నాయన పొలంలోది మట్టిబెడ్డ కూడా ఇందులో లేదు.

డేవిడ్‌రాజు మా పల్లె మాదిగవాడలో పుట్టినవాడు. వాళ్ళ నాయన మా కపిలబావికి తోలుబాన కుట్టి ఇచ్చేవాడు. ఎద్దులు ఆ బానను లాగితే వచ్చిన నీళ్ళతో మా మడి పండింది. ఆ వడ్లు దంచుకుని మేము తిన్నాము, దేవుడికీ పెట్టాము. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ అడ్డురాని మైల, నేను తోలు చేతపట్టిన రోజున ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

3. తోలు పని నాకు వచ్చిన వైనం

ఇది ఆస్తి పంపకం కాదు. అయినా రేపు ఎవరైనా కోర్టులో ‘ఈయన పరాయివాడికి ఎందుకు రాశాడు’ అని అడిగితే జవాబు ఇందులో ఉంటుంది.

నేను సైన్యంలో చేరింది లారీ తోలడానికి. వాళ్ళు నన్ను బూట్లు, బెల్టులు బాగుచేసే పనిలో వేశారు. మొదట తలకొట్టేసినట్టు ఉండేది. పల్లెకు సెలవులో వచ్చినప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాణ్ణి. తర్వాత మా యూనిట్లో మోటారు సైకిళ్ళ మీద మనుషులు పిరమిడ్డు కట్టి విన్యాసాలు చేసే జట్టు ఒకటి తయారైంది. ఆ జట్టు తోలుకోట్లకు గుర్తులు కుట్టే పని నాకు అప్పగించారు. అక్కడ నాకు పని మీద మనసు పడింది.

గుడ్డ మీద బ్యాడ్జీ కుట్టడం వేరు. తప్పు కుడితే విప్పుకోవచ్చు, ఇస్త్రీ చేస్తే సూది జాడ పోతుంది. తోలులో సూది దిగిన కన్నం పూడదు. అందుకని ముందు చాలాసేపు చూడాలి, ఆ తర్వాతే పొడవాలి. గుండుసూది పెట్టి నిలబెట్టడానికి లేదు. రబ్బరు సొల్యూషన్ కాస్త రాసి ఆనించుకోవాలి. కోటు లోపలి అస్తరు విప్పి, తోలు వరకే కుట్టి, మళ్ళీ అస్తరు మూయాలి. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం ఉండాలి. ఇవన్నీ నాకు నేర్పిన హవల్దారు పంజాబువాడు. ఆయన పేరు మీద ప్రతి దీపావళికీ అంగట్లో ఒక దీపం పెట్టేవాణ్ణి. డేవిడ్‌రాజు క్రైస్తవుడు గనుక దాన్ని కొనసాగించమని అడగను.

విడుదలై వచ్చాక అన్న నన్ను ఎరువుల కొట్టు పెట్టుకోమన్నాడు. నేను తోలు అంగడి పెట్టాను. తెరిచిన రోజు అన్న ఉదయగిరి బస్సు దిగి, ఎదురుగా రోడ్డవతల నిలబడి బోర్డు చదువుకుని, అదే బస్సు తిరిగి పోతుంటే ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా నాయన తద్దినానికి పల్లెకు పోయాను. తడిగుడ్డ కట్టుకుని పీట మీద కూర్చోబోతుంటే అయ్యవారి ముందరే అన్న అన్నాడు.

“నువ్వు పక్కన కూర్చో నరసా. తోలు కుట్టే చేత్తో నాయనకు పిండం వద్దు.”

పక్కన కూర్చున్నాను. భోజనం పెట్టారు, తినకుండా లేచి వచ్చేశాను. దేవకమ్మ ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడాదీ వెళ్దామని పోరేది. నేను వెళ్ళలేదు. ఆమె పోయినప్పుడు అన్న వచ్చాడు, శ్మశానం దాకా నడిచాడు, అంగడి గడప మాత్రం తొక్కలేదు. నాకు ఆయన మీద కోపం ఉంది. రాసి పెడుతున్నాను గనుక దాచడం లేదు.

4. నవీన్ కోటు

సురేంద్రబాబు కొడుకు నవీన్ కూడా సైన్యంలో చేరాడు. చెప్పి చేరలేదు, చేరి చెప్పాడు. పోయిన ఏడాది వాణ్ణి మోటారు సైకిళ్ళ జట్టుకు ఎంచుకున్నారు. పిరమిడ్డుకు అడుగున బండి నడిపేది వాడే, పైన ఉన్నవాళ్ళ బరువంతా వాడి భుజాల మీదే ఉంటుంది. జట్టువాళ్ళు కొత్త తోలుకోటు ఇచ్చి, గుర్తులు విడిగా కవరులో పెట్టి ఇచ్చారట. ఎడమ రొమ్ము మీద జట్టు గుర్తు, కుడివైపు పేరు పట్టీ, భుజం కింద జెండా. వాళ్ళ దగ్గర కుట్టేవాడు రిటైరై పోతే ఇంకొకరిని వేయలేదు, ఎవరికి వారు కుట్టించుకోండి అన్నారు. మిలిటరీలో దాన్ని జాకెట్ అంటారు. మన వైపు జాకెట్టంటే ఆడవాళ్ళ రవిక గనుక నేను కోటు అనే రాస్తున్నాను.

నవీన్ ఏప్రిల్లో సెలవు మీద వచ్చి, చిన్నతాత దగ్గర కుట్టించుకుంటానని ఇంట్లో చెప్పాడు. సురేంద్రబాబు ఒప్పుకోలేదు. ఆత్మకూరు బస్టాండులో తన కొడుకు తోలు అంగట్లో నిలబడితే తనకు తలవంపులట. కారులో నెల్లూరు తీసుకుపోయి, పెళ్ళిసూట్లు కుట్టే టైలరుకు ఇచ్చాడు. ఆ టైలరు పనిమంతుడే, కానీ ఎప్పుడూ తోలు ముట్టినవాడు కాదు. గుడ్డ కుట్టే సూదితో, పట్టుచీరకు ఫాల్ వేసినంత దగ్గరగా, ముద్దుగా కుట్టి ఇచ్చాడు. ఇంటికి వచ్చి నవీన్ కోటు వేసుకుని బండి మీద కూర్చుని చేతులు ముందుకు చాపితే, జట్టు గుర్తు పక్కన కుట్టు వెంబడే తోలు చిరిగిపోయింది. దగ్గర దగ్గరగా కన్నాలు పడితే తోలు పోస్టు బిళ్ళల కాగితంలాగా అవుతుంది, కాస్త లాగితే చాలు.

అప్పటికే వాడి సెలవు అయిపోయింది. కోటు ఇంట్లో వదిలి వెళ్ళిపోయాడు. కలిగిరి నుంచి వాడి జట్టువాడే ఇంకొకడు ఆ వారంలో బయలుదేరుతున్నాడు, బాగుచేయిస్తే అతని చేత పంపవచ్చు. కోటు అందకపోతే జట్టు చేయబోయే పెరేడులో నవీన్ బండి ఎక్కడానికి లేదు, వాడి చోటు ఇంకొకరికి పోతుంది. ఫోన్లో వాడు వాళ్ళవ్వతో ఏడ్చాడని విన్నాను.

అలా మే నెల ఎండలో ఒక మధ్యాహ్నం మా అన్నా, సురేంద్రబాబూ గుడ్డసంచిలో కోటు పెట్టుకుని మా సందులోకి వచ్చారు. అన్న సందులోనే నిలబడ్డాడు. సురేంద్రబాబే మాట్లాడాడు. కారు తెచ్చానని, పల్లెకు వచ్చి ఇంటి వెనక కొట్టంలో కూర్చుని కుట్టమని, ఇక్కడైతే నలుగురూ చూస్తారని చెప్పాడు. నా మిషను ఇక్కడుంది, వెలుతురు ఇక్కడుంది, కుట్టే మనిషీ ఇక్కడే ఉన్నాడు అన్నాను. డయాలిసిస్ మొదలైనప్పటి నుంచి నా చేతులు వణుకుతున్నాయని, కుట్టేది డేవిడ్‌రాజేనని అన్నకు వినబడేటట్టు చెప్పాను. సురేంద్రబాబు సంచి మూతి కట్టబోయాడు. అన్న ఆ సంచి లాక్కుని, కోటు బయటికి తీసి, చిరిగిన చోట వేలు పెట్టి కాసేపు చూశాడు.

“పిల్లోడి పని ఆగకూడదు. ఎవురు కుడితే ఏంది, కుట్టించు” అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. బల్ల మీద పరిచి గుర్తు పెడితే తిన్నగానే కనిపిస్తుంది. మనిషి కోటు తొడుక్కుని హ్యాండిల్ పట్టుకుని ముందుకు వంగితే రొమ్ము మీద తోలు పక్కకు జరుగుతుంది, గుర్తు వాలిపోతుంది. నెల్లూరు టైలరు కుట్టిన పేరు పట్టీ అలాగే వంకర పోయింది. కాబట్టి కోటు మనిషికి తొడిగి, బండి మీద కూర్చోబెట్టి, అప్పుడు సుద్దతో గీసుకోవాలి. నవీన్ లేడు. సురేంద్రబాబు తొడుక్కోబోతే ఆయన పొట్టకు జిప్పు సగంలోనే ఆగిపోయింది. నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేదు. డేవిడ్‌రాజు మాత్రం నవ్వకుండా అన్న వైపు చూశాడు. నవీన్‌ది అచ్చం మా అన్న ఒడ్డూ పొడుగూ. అదే భుజాలు, అవే పొడుగాటి చేతులు.

డెబ్బై ఎనిమిదేళ్ళ మా అన్న పైపంచె తీసి సురేంద్రబాబు చేతికిచ్చి, ఆ నల్ల తోలుకోటు తొడుక్కున్నాడు. పెంచలప్రసాద్ తన బుల్లెట్ బండిని సందులో స్టాండు వేసి నిలబెట్టాడు. అన్న పంచె ఎగగట్టుకుని దాని మీద కూర్చుని రెండు చేతులూ చాపి హ్యాండిల్ పట్టుకున్నాడు. అప్పుడే ఉదయగిరి బస్సు వచ్చింది. దిగినవాళ్ళలో మా పల్లెవాళ్ళు ఉన్నారు, సీతారామపురం నుంచి వచ్చిన మా చుట్టాలూ ఉన్నారు. అందరూ ఆగి చూశారు.

డేవిడ్‌రాజు సుద్దముక్క పట్టుకుని దగ్గరకు పోయి నిలబడ్డాడు. “పెద్దయ్యా, చెయ్యి వేస్తాను” అన్నాడు. వాళ్ళ నాయన మా ఇంటి పెరట్లోకి కూడా రాకుండా కంచె అవతలి నుంచి బాన అందించినవాడు. అన్న బస్సు దిగినవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. ఎండకు నుదుటి మీద చెమట కారుతోంది.

“కానియ్” అన్నాడు.

డేవిడ్‌రాజు ఎడమ అరచేత్తో మా అన్న రొమ్ము మీద తోలు చదును చేసి, కుడిచేత్తో గీత గీశాడు. వెనక్కి నడిచి చూసి, మళ్ళీ వచ్చి చెరిపి, మళ్ళీ గీశాడు. భుజం పట్టుకుని కాస్త ముందుకు వంచాడు. పేరు పట్టీకి, జెండాకు కూడా అలాగే గీశాడు. అంతసేపూ అన్న కదలలేదు. పడిపోతాడేమోనని నాకు భయం వేసింది గానీ దిగమని చెప్పలేదు.

తర్వాత పని. నెల్లూరు కుట్లన్నీ విప్పి, అస్తరు తెరిచి, చిరిగిన చోట లోపలి నుంచి పలుచటి మేకతోలు అతికించాడు. పాత కన్నాల జోలికి పోకుండా, వాటికి ఎడంగా, ఆరెతో ఒక్కొక్క కన్నమే పొడుచుకుంటూ, మైనం పట్టించిన దారంతో రెండు సూదులు ఎదురెదురుగా పోనిచ్చి చేత్తోనే కుట్టాడు. గుర్తు అంచు సరిగ్గా చిరుగు మీదకు వచ్చేటట్టు కూర్చోబెట్టాడు. మిషను మీద వేయలేదు. నేను కుట్టినా అలాగే చేసేవాణ్ణి, ఇంత బాగా వచ్చేది కాదు.

అన్న లోపలికి వచ్చి గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. అంగడి పెట్టాక ఆయన లోపలికి రావడం అదే మొదలు. మంచినీళ్ళు మాత్రం పెంచలప్రసాద్ దగ్గర నుంచి తెప్పించుకున్నాడు. కోటు చేతికి వచ్చాక కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చి చూసి, నాతో అన్నాడు.

“బాగుండాది. బాగా కుట్టినాడని చెప్పు.”

పక్కనే ఉన్నాడు, నువ్వే చెప్పు అన్నాను. చెప్పలేదు. డేవిడ్‌రాజు సూదులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పల్లెలో అన్న ఇంట్లోకి పోకుండా బావి దగ్గరే తలమీద నీళ్ళు పోసుకున్నాడని వదిన ఫోన్లో చెప్పింది. ఎండన పడి వచ్చాడు కదా అని కూడా ఆమే అన్నది. నాకు తెలియదు.

కోటు అందింది. నవీన్ బండి ఎక్కాడు.

5. వదినకు

ఉదయగిరి కింద మా నాయన మెట్టపొలంలో నా వాటా నేనెప్పుడూ అడగలేదు, అన్నే చేసుకుంటున్నాడు. ఆ వాటాను మా వదిన రామసుబ్బమ్మకు రాస్తున్నాను. అన్నకు కాదు, సురేంద్రబాబుకు కాదు, ఆమె పేరు మీదే. ఆమె దాన్ని కౌలుకు ఇచ్చుకుని ఆ డబ్బు ఎవరికీ లెక్కచెప్పకుండా ఖర్చుపెట్టుకోవాలని నా కోరిక.

నేను పల్లెకు పోవడం మానేసినా, ప్రతి చింతకాయల కాలంలోనూ బస్సు డ్రైవరు చేత పచ్చడి జాడీ పంపింది ఆమె. దేవకమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రిలో తోడు పడుకుందీ ఆమే. నవీన్ కోటు అస్తరు విప్పినప్పుడు కాలరు లోపలి మడతలో పసుపు కనబడింది. మన ఇళ్ళలో కొత్త గుడ్డ కట్టుకునే ముందు మూలకు పసుపు పెడతాము. తోలుకు ఎవరూ పెట్టరు. మనవడు వేసుకునేది గనుక ఆమె పెట్టింది. సురేంద్రబాబు తుడిచేయమన్నాడు. నేను అడ్డుపడ్డాను, డేవిడ్‌రాజు దాని మీదే మళ్ళీ అస్తరు మూసి కుట్టాడు. వదినా, నువ్వంటే నాకు మా అమ్మంత.

6. సురేంద్రబాబుకు

కిందటి నెల సురేంద్రబాబు మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి, నేను పైగదిలో పడుకుని ఉండగానే అంగడి కొలతలు తీసుకున్నాడు. వీలునామా గీలునామా రాస్తే కోర్టులో కొట్టేయిస్తానని మెట్ల మీద నిలబడి చెప్పి పోయాడు. ఆ తొందరలో స్టీలు టేపు మరిచిపోయాడు. సదరు టేపు ఆయనకే చెందాలి. అది తప్ప నా ఆస్తిలో ఆయనకు ఏ విధమైన హక్కూ లేదు.

7. నవీన్‌కు

నా మెడల్సు, సైన్యం నాటి ట్రంకు పెట్టె నవీన్‌కు చెందాలి. నవీన్, ఆ కోటును ఎండలో ఆరేయవద్దు, ప్లాస్టిక్ కవరులో మూయవద్దు, తడిస్తే నీడన ఆరబెట్టి, చేతికి కాస్త నూనె పూసుకుని తోలు మీద రుద్దు. ఎప్పుడైనా జట్టు మారి గుర్తు మార్చాల్సి వస్తే వేరే చోట పొడవనివ్వకు, ఇప్పుడు కుట్టిన కన్నాల్లోనే సూది దించాలి. అది చేయగలిగిన మనిషి డేవిడ్‌రాజు. మీ నాయన ఏమన్నా సరే తిన్నగా అతని దగ్గరికే తీసుకుపో. నువ్వు చిన్నప్పటి నుంచి నన్ను చిన్నతాత అని నోరారా పిలిచావు, నాకు పిల్లలు లేని కొరత కొంత తీరింది.

8. అశ్వితకు

డేవిడ్‌రాజు కూతురు అశ్విత డిగ్రీ చదువుతూనే సాయంత్రాలు అంగట్లో కూర్చుంటుంది. ఆమెకు నా మూడంచుల సూదుల డబ్బా, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కోమని పంజాబు హవల్దారు నాకిచ్చిన ఇత్తడి అంగుస్తానా ఇస్తున్నాను. నెల్లూరు కుట్టు విప్పినప్పుడు కోటు అంచున ఊడిన చిన్న తోలుముక్క ఒకటి అట్టకు అంటించి ఉంచాను, అది కూడా. ఎంత దగ్గరగా కుడితే తోలు చిరుగుతుందో ఎవరికైనా నేర్పేటప్పుడు చూపించవచ్చు.

9. అంత్యక్రియలు

నన్ను ఆత్మకూరు శ్మశానంలోనే దహనం చేయాలి. పల్లెకు తీసుకుపోవద్దు. యూనిఫారం తొడగవద్దు, తెల్లపంచె చాలు. కొరివి అన్న పెడతానంటే పెట్టనివ్వండి, ఆయనకు ఆ హక్కు ఉంది. ఆయన రాకపోతే డేవిడ్‌రాజు పెడతాడు. అతను ప్రభువును నమ్ముకున్నవాడు. అయినా అడిగితే, “నరసన్నా, నువ్వు చెప్తే పెడతాను” అన్నాడు. తరువాతి కర్మకాండలు నాకు అక్కరలేదు.

10. అమలు, సాక్ష్యం

ఈ వీలునామా అమలుపరచడానికి రిటైర్డు పోస్టుమాస్టరు నారాయణయ్య గారిని నియమిస్తున్నాను. మనిషి నిదానస్థుడు, ఎవరి కాఫీకీ లొంగడు. నేను బతికి ఉన్నంతకాలం దీన్ని మార్చుకునే హక్కు నాకుంది గానీ మార్చను.

సాక్షులకు రెండు చోట్లు ఉంచాను. మొదటిది పెంచలప్రసాద్‌ది. రెండోది అన్న మాలకొండయ్య కోసం ఖాళీగా ఉంచాను. చట్టానికి ఎవరి సంతకమైనా చాలు. నాకు ఆయనదే కావాలి. వీలునామా లేకపోతే ఈ అంగడి ఎవరికి వచ్చేదో ఆ మనిషే సాక్షిగా నిలబడితే, ఆయన కొడుకు ఏ మొహంతో కోర్టు మెట్లు ఎక్కుతాడు? అన్న రాకపోతే ఆ చోట నారాయణయ్య గారే సంతకం చేస్తారు, వీలునామా అప్పుడూ చెల్లుతుంది. కానీ డేవిడ్‌రాజు పని వదులుకుని వాయిదాల చుట్టూ తిరగాలి. సురేంద్రబాబు దగ్గర డబ్బుంది, తీరిక ఉంది. డేవిడ్‌రాజు దగ్గర రెండూ లేవు. చివరికి విసిగి వదిలేస్తాడు. నా భయం అదే.

అన్నా, నీకు కబురు పంపాను. నువ్వు మారావని నేను అనుకోవడం లేదు, మారమని అడగడమూ లేదు. తద్దినం నాడు నన్ను పక్కన కూర్చోబెట్టినందుకు నీ చేత క్షమాపణ చెప్పించుకోవాలని కూడా లేదు, ఆ వయసు ఇద్దరికీ దాటిపోయింది. మనవడి కోసం ఆ ఎండలో కూర్చున్నావు. డేవిడ్‌రాజు కోసం ఒక్క సంతకం అడుగుతున్నాను. ఇక్కడికి వచ్చి, ఈ అంగట్లో కూర్చుని, మొత్తం చదివించుకుని, నీకు ఇష్టమైతేనే పెట్టు. నిన్ను గురించి రాసింది ఏదీ కొట్టేయను. నేను పోయాక నిన్ను తలచుకుని తిట్టుకునే వాళ్ళు ఈ ఊళ్ళో ఉండకూడదని కూడా నాకు ఉంది. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని దుర్గం ఎక్కినవాడివి, ఆ మాట మరిచిపోలేదు.

ఈ పైన రాసినదంతా నా ఇష్టపూర్తిగా రాసి, చదువుకుని, సరిగా ఉందని నమ్మి సంతకం చేస్తున్నాను.

తేది: 14 జూన్ 2025, శనివారం
స్థలం: ఆత్మకూరు, బస్టాండు వెనక సందు, అంగడిలో

(సంతకం)
గుండ్లపల్లి పెంచలనరసయ్య

వీలునామా రాసిన పెంచలనరసయ్య గారు మా ఎదుట సంతకం చేయగా చూసి, ఆయన ఎదుటనే సంతకాలు చేసిన సాక్షులు:

1. (సంతకం) పెంచలప్రసాద్, టీ అంగడి, ఆత్మకూరు.

2. (సంతకం) గుండ్లపల్లి మాలకొండయ్య, వెంగయ్య పెద్ద కొడుకు, వ్యవసాయం, ఉదయగిరి మండలం.

రెండో సాక్షి తన చేతిరాతతో కింద రాసినది:

నా దస్తూరీ బాగుండదు. ప్రసాద్ రాసి పెడతానన్నాడు, నేనే రాస్తానని చెప్పినాను. ఈ పొద్దు తమ్ముడికి కళ్ళు మసకగా ఉండాయని కాగితం మొత్తం డేవిడ్‌రాజు చదివినాడు. నా గురించి రాసిన కాడ ఆపినాడు. చదవమన్నాను. అన్నీ విన్నాను. జరిగిందే రాసినాడు. సంతకం పెట్టొద్దని నా కొడుకు సురేంద్రబాబు బస్సు కాడిదాకా వెంటబడి చెప్పినాడు. పెట్టినాను. అంగడి డేవిడ్‌రాజుది. నేను పోయినాక నా కొడుకు ఈ గడప కాడికి వచ్చి ఇది మా నాయనకు రావాల్సిన సొత్తు అంటే, వాడితో వాదన పెట్టుకోబాకండి. ఈ కాగితం తీసి మీ నాయన రాత ఇది, చదువుకో అని చెప్పండి.